పాసు మార్కు నలభై

జులై 14, సోమవారం

సచివాలయం నుంచి రవి కుమార్ మెట్లెక్కి వచ్చి, కాఫీ తాగి, ఆ తరవాత నోటీసు తీశాడు. చెడ్డ కబురు తెచ్చేవాళ్ళకు ఈ తెలివి ఉంటుంది. ముందే ఇస్తే కాఫీ రాదు.

మా మనవరాలు దీప్తి సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఉందని ఇచ్చే కాయితం, చిన్నప్పుడు ఇచ్చింది కాబట్టి ఇక చెల్లదట. మళ్ళీ క్యాంపుకు వెళ్ళి డాక్టర్లకు చూపించుకోవాలట. వైకల్యం నలభై శాతం, ఆ పైన అని తేలితే పింఛనూ బస్సు పాసూ ఉద్యోగాల్లో కోటా అన్నీ ఉంటాయి. నలభైకి తగ్గితే ఏదీ ఉండదు.

అంటే పాసు మార్కు నలభై అన్నమాట అన్నాను. బడిలో ఉన్నన్నాళ్ళూ ముప్పై అయిదు తెచ్చుకోవడానికే పిల్లలు నా ప్రాణం తీశారు. ఇక్కడ ఇంకో అయిదు ఎక్కువ.

"మీకు అన్నీ జోకులే టీచరమ్మా," అన్నాడు రవి కుమార్. వాడూ నా దగ్గర లెక్కలు చదివినవాడే. వాడికి వచ్చింది కూడా ఆ జోకులొక్కటే.

విజయ్ కుమార్ మిల్లు నుంచి రాగానే పింఛను పోతుందేమోనని మొదలుపెట్టాడు. నా కొడుకు కంగారు పడటానికి ముహూర్తం చూసుకోడు. కోడలు ప్రేమకుమారి డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా నోటీసు చదువుతూ నిలబడింది. దీప్తి మాత్రం నెమ్మదిగానే ఉంది. బీకాం అయి ఏడాది దాటింది. దివ్యాంగుల కోటాలో జూనియర్ అసిస్టెంటు పోస్టులు పడతాయని పొద్దున లేస్తే ఫోనులో అదే చూస్తూ ఉంటుంది.

"పింఛను సంగతి కాదు నాన్నా. ఉద్యోగం వస్తే నేనే పోయి వద్దని రాసిస్తా. ఈ కాయితం లేకపోతే నన్ను ఆ పరీక్ష హాల్లోకే రానియ్యరు," అంది.

నేను తల దువ్వి జడ వేస్తుండగా అన్న మాట ఇది. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై దాని కుడి చెయ్యీ కుడి కాలూ మొండికేశాయి గానీ మిగతాదంతా పాదరసం. అన్నీ తనే చేసుకుంటుంది.

జులై 17, గురువారం

క్యాంపులో ఏం చేయిస్తారో తెలిసింది. కింది వాటాలో ఖాతూన్ బీ ఉంది కదా, వాళ్ళబ్బాయి ఫహీమ్ తన ఆటోలో పోయిన నెల ఎవరినో తీసుకెళ్ళాడట. కుడి చేత్తో గ్లాసు ఎత్తి తాగమంటారు, గుండీ పెట్టమంటారు. ఆ తరవాత బాసింపట్టు వేసుకుని కూర్చోమని, ఒంటికాలి మీద నిలబడమని, మెట్లెక్కి దిగమని చెబుతారు. చానా సేపు ఏమీ పట్టదు మామ్మా అన్నాడు.

ప్రశ్నలు తెలిశాక చదవకుండా కూర్చోవడం మా ఇంట్లో లేదు. రేపటి నుంచి హాల్లో సోఫా వెనక్కి జరిపి ప్రాక్టీసు.

"అది పరీక్ష కాదు నాయనమ్మా," అంది దీప్తి.

వరసలో కూర్చోబెట్టి, పేరు పెట్టి పిలిచి, మార్కులు వేసేదాన్ని పరీక్ష అనక పెళ్ళిచూపులంటారా అని అడిగాను. నవ్వి లేచింది. దాని చెప్పుల బకిల్ పెట్టి నేనూ లేచాను.

జులై 22

గ్లాసు ఇవాళ తొణకలేదు.

జులై 27, ఆదివారం

మరియతల్లి గుడి నుంచి వచ్చేసరికి ఖాతూన్ బీ మెట్ల దగ్గర మాటు వేసి ఉంది. పైన ధన్ ధన్ మని చప్పుళ్ళేందని నిలదీసింది. సంగతి చెప్పాను. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"టీచరమ్మా, నీకు చదువెక్కువై బుర్ర తిరిగింది. ఆ పిల్లని ఇంకాస్త కుంటమని చెప్పాలిగానీ, బాగా నడవమని నేర్పిస్తావా? అందరూ అట్టానే కుంటతారు."

మా వంశంలో కాపీ కొట్టినవాళ్ళు లేరని చెప్పాను. కుంటడం కాపీ ఎట్టా అయిందని అడిగింది. జవాబు చెప్పకుండా మెట్లెక్కాను. మెట్లెక్కుతుంటే జవాబు దొరికింది కానీ దిగే ఓపిక లేదు.

ఆ జవాబు ఇక్కడ రాసుకుంటాను. డాక్టర్లు చదువుకున్నవాళ్ళు. గ్లాసు ఎత్తడానికి ఈ పిల్ల భుజం ఎట్లా బిగుసుకుంటుందో, మెడ నరం ఎట్లా లేస్తుందో వాళ్ళకు కనబడుతుంది. ఎంత బాగా చేస్తే అంత కష్టం కనబడుతుంది. నేను పేపర్లు దిద్దినప్పుడు చివరి జవాబు తప్పయినా స్టెప్పులకు మార్కులు వేసేదాన్ని. వాళ్ళూ అంతే. స్టెప్పులకు మార్కులుంటాయి.

ఆగస్టు 5, మంగళవారం

అద్భుతం. ఇంకో మాట లేదు.

పూజకు వేసుకునే తెల్ల చుడీదార్ ఇస్త్రీ చేయించాను. వెనక హుక్కులు పెట్టి, పాపిట గీసినట్టు తీసి, రెండు పాయలూ సమంగా పట్టి జడ వేశాను. ప్రభుత్వం ముందుకు వెళ్ళేటప్పుడు గుడికి వెళ్ళినట్టు వెళ్ళాలని మా నాన్న అబ్రహాము గారు చెప్పేవారు. ఆయన చర్చి బడిలో మేష్టరు. రేషన్ కార్డు కోసం కూడా టై కట్టుకుని వెళ్ళేవారు.

ఫహీమ్ ఆటోలో వెళ్ళాం. వరండాలో అంతా చేతికర్రలు, చక్రాల కుర్చీలు, భుజాన వేసుకుని మోసుకొచ్చిన పెద్ద పిల్లలు. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నది దీప్తి ఒక్కతే. లోపల ఓ కుర్ర డాక్టరు. గ్లాసు ఎత్తమన్నాడు, చుక్క పడలేదు. గుండీ పెట్టింది. ఒంటికాలి మీద నిలబడింది, ఆయన చాలు చాలు అనేదాకా. మెట్లు ఎక్కి దిగి, దిగాక నా వైపు చూసింది. నేను చప్పట్లు కొట్టలేదు కానీ చేతులు దగ్గరకు వచ్చాయి.

ఇంట్లో పనులు ఎవరు చేసి పెడతారని డాక్టరు దాన్ని అడిగాడు. అది నోరు తెరిచేలోపు నేనే చెప్పాను.

"అన్నీ తనే చేసుకుంటుంది సార్."

ఆయన తల ఊపి రాసుకున్నాడు. చానా బాగా పెంచారమ్మా అన్నాడు.

తిరిగి వస్తూ బిరియాని కట్టించాను.

ఆగస్టు 6

కాలు పట్టేసి దీప్తి మంచం దిగలేదు. కుడిచెయ్యి వేళ్ళు ముడుచుకుపోయాయి. నూనె రాసి ఒక్కొక్క వేలూ తీశాను. నిన్నటి ఎండ.

ఆగస్టు 7

ఎండే.

సెప్టెంబరు 8, సోమవారం

మరియతల్లి పుట్టినరోజు, ఆరోగ్యమాత పండుగ, అంటే నా పేరు పండుగ. గుడిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. దీప్తి ఫోను పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

ముప్పై ఆరు.

నా బడిలో అయితే పాసు.

విజయ్ కుమార్ ఫోను తీసుకుని మూడు సార్లు తాకి చూశాడు, తాకితే పెరుగుతుందన్నట్టు. కోడలు ఏమీ అనలేదు. డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది. ఏమీ అనకపోవడంలో ప్రేమకుమారికి బంగారు పతకం ఇవ్వొచ్చు.

ఆ కుర్ర డాక్టరుకు అనుభవం లేదు.

సెప్టెంబరు 9

ఆ గదిలో వెలుతురు కూడా సరిగ్గా లేదు. ఇప్పుడు గుర్తొస్తోంది.

సెప్టెంబరు 11, గురువారం

నోటిఫికేషన్ పడింది. దివ్యాంగుల కోటాలో జూనియర్ అసిస్టెంట్లు. వచ్చే నెలాఖరు గడువు. ఇన్నాళ్ళూ దీని కోసమే చూసిన పిల్ల, వచ్చిందని కేక కూడా వెయ్యలేదు. ఫోను బోర్లా పెట్టి కంది బేడలు బాగుచేయడానికి కూర్చుంది, ఎడం చేత్తో.

కాయితం ప్రకారం వికలాంగురాలు కాదు. పోయినేడు ఇంటర్వ్యూకు పిలిచిన చిట్‌ఫండు మేనేజరు, చెయ్యి చూసి, కబురు చేస్తామన్నాడు. వాడి ప్రకారం పనికిరాదు. ఈ రెండు లెక్కలూ కలిపితే నా మనవరాలు ఎక్కడుందో లెక్కల టీచరునైన నాకే తేలడం లేదు.

డాక్టర్ల మీద ఒక ఫిర్యాదు రాస్తానన్నాను. మంచి తెలుగులో, రెండు పేజీలు. దీప్తి బేడల పళ్ళెం పక్కన పెట్టింది.

"ఆ డాక్టరు తప్పేం లేదు నాయనమ్మా. ఆయన చూసింది ఆయన రాశాడు. ఆ రోజు పాసయింది నువ్వు."

నేను ఏదో అనబోయాను.

"నన్నూ అననీ. నాకు తెలుసు, వద్దని గట్టిగా చెప్పాల్సింది. కానీ నువ్వు శభాష్ అంటే నాకు చానా బాగుంటది. చిన్నప్పటి నుంచీ అంతే. గ్లాసు తొణక్కపోతే నీ మొహం వెలిగిపోద్ది. ఆ మొహం కోసం నిలబడ్డా. తరవాత రెండు రోజులు పడుకున్నా. దాన్ని నువ్వు ఎండ అన్నావు."

మళ్ళీ పళ్ళెం దగ్గరకు లాక్కుంది. కోపంగా అనలేదు. అదే కష్టంగా ఉంది. కోపంగా అని ఉంటే పెద్దంతరం చిన్నంతరం లేదా అని తిట్టేదాన్ని.

సెప్టెంబరు 12

రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

అప్పీలు చేసుకోవచ్చని రవి కుమార్ చెప్పాడు. ఈసారి వేరే ఊళ్ళో, వేరే బోర్డు. దరఖాస్తు వాడే పెట్టించాడు. జోకులు కాక ఇంకేదో కూడా వచ్చు వాడికి.

మధ్యాహ్నం ఇంట్లో సభ. విజయ్ కుమార్ ఎవరో మధ్యవర్తి ఉన్నాడట, మాట్లాడతానన్నాడు. ఖాతూన్ బీ తన పాత సలహాతో పైకి వచ్చింది, ఈసారి చేతికర్ర కూడా తెచ్చింది, వాళ్ళ మామగారిది. పిల్ల ఆ కర్ర తీసుకుని చూసి, మూలకు ఆనించింది.

"మొన్న తక్కువ కుంటి చూపించా, పోయింది. ఇప్పుడు ఎక్కువ కుంటి తెచ్చుకోను పిన్నీ. నేను ఎంత కుంటతానో అంతే కుంటతా."

వాళ్ళ నాన్నను కూడా కూర్చోబెట్టింది. మధ్యవర్తి తెచ్చిన కాయితంతో ఉద్యోగంలో చేరితే రోజూ ఆ కుర్చీలో భయపడుతూ కూర్చోవాలి, నాకొద్దు అంది. నా కొడుకు నా వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల మాట్లాడుతుంటే డెబ్భై నాలుగేళ్ళ దాని వైపు చూస్తాడేం? నేను గోడ వైపు చూశాను.

అందరూ వెళ్ళాక నాకు ఒక షరతు పెట్టింది. బోర్డు పిలిచేదాకా నేను దాన్ని తాకకూడదు. జడ, హుక్కులు, బకిళ్ళు, ఏదీ. ఏది చేసుకోగలదో ఏది చేసుకోలేదో తనకే సరిగ్గా తెలియదట, ఎప్పుడూ మధ్యలో నా చెయ్యి వచ్చేస్తుంది కాబట్టి.

చూద్దాం.

సెప్టెంబరు 15

దోసె ముక్కలు చేసి పెట్టాను. పళ్ళెం నా వైపు తోసేసింది. నేను ముక్కలు చేసి పెడతానని నాకు తెలియదు. అంటే చేస్తున్నట్టు తెలియదు.

సెప్టెంబరు 20, శనివారం

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఇంత పనా? బడిలో పిల్లలకు ఇదే శిక్ష వేసేదాన్ని. వాళ్ళందరికీ ఇవాళ మనసులో దణ్ణం పెట్టాను.

కానీ చూస్తున్నాను. రాయకపోతే పాపం. టూత్‌పేస్టు మోకాళ్ళ మధ్య ఇరికించి మూత తిప్పుతుంది. చుడీదార్ బొందు ఒక కొస పళ్ళతో పట్టుకుని ముడి వేస్తుంది. ఉల్లిపాయను కత్తిపీట మీద కాదు, చపాతీ పీటకు ఫహీమ్ చేత రెండు మేకులు కొట్టించి, వాటికి గుచ్చి, ఎడం చేత్తో తరుగుతుంది. ఆ మేకుల పీట దాని సొంత ఆలోచన. చూసి నోరు తెరిచాను. ఈ బుర్రను నేను ఇన్నేళ్ళూ దువ్వుతూ కూర్చున్నాను.

హుక్కులు మాత్రం దాని వల్ల కావు. మూడు పెట్టాలంటే చెమట పడుతుంది, మూడోది పెడుతుండగా మొదటిది ఊడుతుంది. పాపిట రాదు. జడ అసలే రాదు. వేడిగిన్నె దించలేదు. చెప్పుల బకిల్‌కు మెట్టు మీద కూర్చుని పెట్టుకునే కుస్తీ చూడలేక లోపలికి వెళ్ళిపోయాను.

అన్నీ తనే చేసుకుంటుంది అని ఎన్ని చోట్ల చెప్పి ఉంటాను? బంధువులకు, గుడిలో, బస్సులో, ఆ కుర్ర డాక్టరుకు.

సెప్టెంబరు 29

ఇవాళ గిన్నె పడేసింది. పప్పంతా నేల. నేను లేవబోయి కూర్చున్నాను. అదే తుడిచింది. తుడవడం నాకంటే బాగా వచ్చు.

అక్టోబరు 15, బుధవారం

పొద్దున తన బట్టలు తనే వేసుకుంది. రోజూ వేసుకునే పచ్చ చుడీదార్. వెనక మధ్య హుక్కు ఊడి ఉంది, చున్నీ కప్పింది. జుట్టుకు రబ్బరు బ్యాండు. పాపిట బొల్లాపల్లి దారిలా ఎన్ని మలుపులు తిరగాలో అన్నీ తిరిగింది. ఆటో ఎక్కేటప్పుడు ఫహీమ్ అద్దంలో చూసి, ఏంది మామ్మా పాపకి ఇవాళ జడ వెయ్యలేదు అన్నాడు. నీ బండి చూసి తోలు అన్నాను.

బోర్డులో ఈసారి ముగ్గురు. మధ్యలో ఆమె పెద్దావిడ, కళ్ళద్దాలు ముక్కు కొసన. నన్ను గోడవార కుర్చీలో కూర్చోమంది.

గ్లాసు ఇచ్చారు. దీప్తి కుడి చేత్తో ఎత్తింది. పెదవుల దాకా వచ్చింది, అక్కడ వేళ్ళు బిగుసుకున్నాయి, సగం నీళ్ళు మెడ మీద, చుడీదార్ మీద. నా చెయ్యి సంచిలో ఉన్న రుమాలు మీదకు పోయింది. తీయలేదు. ఎంత కష్టమో దేవుడికి తెలుసు. దీప్తి చున్నీతో తుడుచుకుని, "ఒకసారి తొణక్కుండా తాగగలను మేడమ్. పద్దెనిమిది రోజులు ప్రాక్టీసు చేశా మొన్న. తాగాక రెండు రోజులు వేళ్ళు తెరుచుకోలేదు. మామూలుగా అయితే ఇట్టా పోతాయి," అంది.

ఏడుపు లేదు, గొప్ప లేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఏది ఎడం చేత్తో చేసుకుంటుందో, దేనికి ఎంత సేపు పడుతుందో, ఏది అసలు కాదో, అడిగినదానికల్లా అంతే నిదానంగా చెప్పింది. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడింది, ఊగింది, బల్ల పట్టుకుంది. పట్టుకున్నానని తనే చెప్పింది. నా దగ్గర ఇన్ని వేలమంది చదివారు, ఇంత శుభ్రంగా ఒక్కరూ జవాబు రాయలేదు. ఆ పెద్దావిడ కలం ఆగకుండా రాస్తోంది. ఆమె స్టెప్పులు చూస్తోంది.

అప్పుడు పాత కాయితం తీసి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది.

"ఇక్కడ అన్నీ తనే చేసుకుంటుందని రాశారు. చెప్పింది మీరేనా?"

నేనే అన్నాను.

"మరి ఇంట్లో మీరేం చేస్తారమ్మా?"

దీప్తి నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఏదో ఒకటి అల్లేదాన్ని. లెక్కల టీచరుకి కూడా కథలు వచ్చు. జడ, హుక్కులు, దోసె ముక్కలు, బకిళ్ళు, వేడిగిన్నె, అన్నీ నోటి దాకా వచ్చాయి. అవన్నీ చెప్పడానికి టైము చాలదనిపించింది.

"కుడిచెయ్యినమ్మా," అన్నాను. "ఈ పిల్ల కుడిచెయ్యి నేనే. ఆ చెయ్యికి డెబ్భై నాలుగేళ్ళు."

ఆమె కలం కింద పెట్టింది. తరవాత, మీరు బయట కూర్చోండి అని నాకు చెప్పింది, మెల్లగానే. బయట బెంచీ మీద కూర్చున్నాను. రుమాలు అప్పుడు పనికొచ్చింది.

అక్టోబరు 24, శుక్రవారం

యాభై ఎనిమిది.

ఫస్టు క్లాసుకు రెండు తక్కువ. అన్నాను, ఉండలేక. దీప్తి పగలబడి నవ్వింది. విజయ్ కుమార్ మళ్ళీ ఫోను తాకి చూస్తున్నాడు, ఈసారి తగ్గకుండా కాబోలు. ప్రేమకుమారి నా దగ్గరకు వచ్చి, ఏమీ అనకుండా, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. ఖాతూన్ బీ వచ్చి మామగారి కర్ర పట్టుకుపోయింది.

దరఖాస్తు ఇవాళే పెట్టేసింది. ఎడం చేత్తో, ఫోనులో, ఎవరినీ అడగకుండా.

నవంబరు 3

పింఛను కూడా మళ్ళీ వస్తుందని రవి కుమార్ వచ్చి చెప్పాడు. ఈసారి కబురు చెప్పాకే కాఫీ తాగాడు.

డిసెంబరు 7, ఆదివారం

పరీక్ష గుంటూరులో. ఆదివారం పూజ మానడానికి నేనే అనుమతి ఇచ్చాను. ఫాదరు గారికి చెబుతాను, ఆయన దేవుడికి చెబుతాడు.

వెంట వస్తానన్నాను. వద్దంది. ఫహీమ్ బస్టాండు దాకా దింపుతాడు, అక్కడి నుంచి తను వెళ్తుందట. పాసు చూపించింది.

మెట్టు మీద కూర్చుని చెప్పుల బకిల్ పెట్టుకుంటోంది. జారింది. మళ్ళీ పెట్టింది. కింద ఫహీమ్ హారన్ కొట్టాడు. నేను వరండా కుర్చీలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. ఇంతకంటే మంచి ఉపాయం దొరకలేదు. ఖాతూన్ బీ కింద నుంచి తలెత్తి, టీచరమ్మకి చలేస్తోందా అని అడిగింది.

బకిల్ పడింది. లేచి నిలబడి, నా వైపు తిరిగి, జుట్టు వెనక్కి తోసుకుని, బాగుందా నాయనమ్మా అంది.

పాపిట వంకర. మొన్నటి కంటే వంకర.

శభాష్ అన్నాను.